ఏనుగు వేషంలో అక్క, పాట కట్టిన తమ్ముడు: బాబ్స్ బర్గర్స్ గురించి

బాబ్స్ బర్గర్స్ ఒక అమెరికన్ కార్టూన్ సిరీస్, కానీ పేరు చూసి ఇదేదో వంటల ప్రోగ్రామ్ అనుకుని చాలా కాలం పక్కన పెట్టేశాను. మా అక్క ఫోన్ చేసినప్పుడల్లా "చూశావా లేదా" అని అడిగేది, నేను "చూస్తాలే అక్కా" అని దాటేసేవాణ్ణి. చివరికి ఒక ఆదివారం మొదలుపెట్టాను. మొదటి మూడు ఎపిసోడ్లు అంతంతమాత్రం, నాలుగోది ఫర్వాలేదు, ఆ తర్వాత ఎప్పుడు ఈ కుటుంబం నాకు సొంతమైపోయిందో తెలీలేదు. ఇప్పుడు రెండోసారి మొదటి నుంచి చూస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ముఖ్యంగా ఇందులో ముగ్గురు పిల్లల గురించి. ఈ సిరీస్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా జోకుల గురించి చెబుతారు, నాకు మాత్రం ఇది తోబుట్టువుల కథ.

కథ చాలా చిన్నది. సముద్రం పక్కన ఒక అమెరికన్ ఊరు. బాబ్ బెల్చర్ అనే ఆయన అక్కడ బర్గర్ల హోటల్ నడుపుతుంటాడు, పైన ఇల్లు, కింద హోటల్. భార్య లిండా, పిల్లలు ముగ్గురు. పదమూడేళ్ల టీనా, పదకొండేళ్ల జీన్, తొమ్మిదేళ్ల లూయీస్. సిరీస్ 2011 జనవరి 9న ఫాక్స్ ఛానల్లో మొదలైంది, ఇన్నేళ్లయినా పిల్లల వయసు ఒక్క రోజు కూడా పెరగలేదు. హోటల్ ఎప్పుడూ మూతపడేలాగే ఉంటుంది, అద్దె ఎప్పుడూ బాకీయే. టైటిల్స్‌లోనే ఆ సంగతి చెప్పేస్తారు. హోటల్ ప్రారంభం బోర్డు పెడతారు, మంటలంటుకుంటాయి, మళ్లీ ప్రారంభం, ఈసారి పురుగుల మందు కొట్టేవాళ్ల వ్యాన్ వస్తుంది, మళ్లీ ప్రారంభం, కరెంటు స్తంభం వచ్చి మీద పడుతుంది, మళ్లీ ప్రారంభం. ఇన్ని దెబ్బలు తిన్న ఇంట్లో ముగ్గురు పిల్లలకీ తలో పిచ్చి ఉంటుంది.

టీనా కథలు రాస్తుంది. నోట్‌బుక్కుల నిండా ప్రేమకథలే, పాత్రలు మాత్రం బళ్లో తనతో చదువుకునేవాళ్లు. ఫ్రెండ్ ఫిక్షన్ అని దానికో పేరు కూడా పెట్టుకుంది. జీన్ చేతిలో ఎప్పుడూ ఒక చిన్న కీబోర్డు ఉంటుంది, ప్రపంచంలో ఏ శబ్దమైనా వాడికి పాటే. లూయీస్ తల మీద గులాబీ రంగు కుందేలు చెవుల టోపీ, బుర్ర నిండా ప్లాన్లు. అంటే ఆ ఇంట్లో ఒక రచయిత్రి, ఒక సంగీత దర్శకుడు, ఒక నిర్మాత ఉన్నారన్నమాట. వాళ్లకి అలాగే ఉంటుంది కూడా, వాళ్ల మనసులో అది పిల్లలాట కానే కాదు.

నాకు బాగా నచ్చింది ఇదే. ఈ పిల్లలు ఒకళ్లనొకళ్లు పొగుడుకోరు. "అబ్బ ఎంత బాగా రాశావు అక్కా" అని లూయీస్ అనగా నేను వినలేదు. వెక్కిరింపులు బోలెడు. కానీ జీన్ ఒక పాట కట్టానంటే మిగతా ఇద్దరూ ఏదో ఒక పని అందుకుంటారు. ఒకరు వేషం వేస్తారు, ఒకరు అట్టముక్కలు తెస్తారు. "ఇది ఎందుకు, దీనివల్ల ఏమొస్తుంది" అన్న ప్రశ్న ఒకరికి కూడా రాదు. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరో ఒకరు అడగడం వల్లే ఎన్ని నోట్‌బుక్కులు అటక మీదికి పోయాయో తెలిసినవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

ఉదాహరణకి మూడో సీజన్‌లో టాప్సీ అనే ఎపిసోడ్ తీసుకోండి, 2013లో వచ్చింది. బళ్లో సైన్స్ ఫెయిర్. లూయీస్ ప్రతిసారీ చేసే అగ్నిపర్వతం చేద్దామనుకుంటే కొత్తగా వచ్చిన మాస్టారు కుదరదంటాడు. ఆయనకి ఎడిసన్ అంటే దేవుడితో సమానం. లూయీస్ ఊరుకుంటుందా? వెతికి వెతికి టాప్సీ అనే ఏనుగు సంగతి బయటికి తీస్తుంది. ఇది నిజంగా జరిగింది. 1903 జనవరి 4న న్యూయార్క్ కోనీ ఐలండ్‌లోని లూనా పార్క్‌లో టాప్సీ అనే ఏనుగుని కరెంటు పెట్టి చంపారు, ఎడిసన్ పేరు మీద నడిచే ఫిల్మ్ కంపెనీ దాన్ని కెమెరాతో తీసింది. లూయీస్‌కి కావలసింది మాస్టారి మీద పగ తీర్చుకోవడం, అంతే. దానికి ఒక మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం కావాలి. పాటలు జీన్‌కి అప్పజెబుతుంది, ఏనుగు వేషం టీనాకి ఇస్తుంది.

ఇక్కడి నుంచి చూడాలి. జీన్ పాటలు కట్టడం మొదలుపెట్టాక వాడికి లూయీస్ పగ గుర్తు కూడా ఉండదు. ఎడిసన్‌కీ ఏనుగుకీ మధ్య ప్రేమకథ అని తీర్మానించేస్తాడు. కరెంటు అంటే వాడికి చావు కాదు, ప్రేమ. చెల్లెలు అరుస్తుంది, వీడు వినడు. కళ అంటే వాడికి ప్రాణం, చెల్లెలి కక్ష కోసం పాట చెడగొట్టుకోడు. ఈలోపు టీనా నోరెత్తకుండా ఏనుగు వేషంలో ఉంటుంది. ఒకటే నాటకం, ముగ్గురికీ మూడు కారణాలు, ముగ్గురూ పూర్తి సీరియస్. చివర్లో వచ్చే పాట వాళ్ల పిన్ని గేల్, ఇంటి ఓనరు ఫిష్‌ఓడర్ కలిసి పాడతారు. ఆ గొంతులు మేగన్ ముల్లల్లీ, కెవిన్ క్లైన్ లవి. నవ్వుకుంటూనే విన్నాను, పాట అయిపోయే సరికి గొంతులో ఏదో అడ్డం పడింది. ఒక ఏనుగు చావు మీద పదకొండేళ్ల పిల్లాడు కట్టిన ప్రేమగీతం, అందులో అంత దయ ఎలా పెట్టారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు ఏడో సీజన్‌లోని ది క్వర్క్‌డ్యూసర్స్ సంగతి చెప్పాలి. ఇది 2016 నవంబర్‌లో వచ్చింది, థ్యాంక్స్‌గివింగ్ పండగ ఎపిసోడ్. బళ్లో పండగ నాటకం వేయాలి. లూయీస్, జీన్ కలిసి ఒక లెక్క వేస్తారు. నాటకం ఎంత ఘోరంగా చెడిపోతే అంత త్వరగా ఇంటికి పంపేస్తారు, సగం పూట సెలవు కలిసొస్తుంది. మరి ఘోరంగా చెడిపోవడానికి గ్యారంటీ ఉన్న నాటకం ఎవరి దగ్గర ఉంది? అక్క దగ్గర ఉంది. టీనా రాసిన టర్కీ కోడి కథ. ఆ కోడి అందరిలాంటిది కాదు, కాస్త వింతగా ఉంటుంది, అందుకని దాన్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. టీనాకేమో తన కథ స్టేజీ ఎక్కుతోందని సంతోషం, ప్రతి మాటా ప్రాణం పెట్టి దిద్దుకుంటుంది. తన తమ్ముడూ చెల్లెలూ తన కోసమే ఇంత కష్టపడుతున్నారని నమ్ముతుంది. చూసే మనకి మాత్రం తెలుసు.

ఈ ఎపిసోడ్ నేను మధ్యలో ఒకసారి ఆపేశాను. ఎందుకో చెబుతాను.

మా అక్క చిన్నప్పుడు రాసేది. రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్కులో ఒక సీరియల్, నాయిక పేరు రోజుకొకటి మార్చేది. రాత్రి పడుకునే ముందు నాకు చదివి వినిపించేది, సరిగ్గా తలుపు దగ్గర ఎవరో నిలబడ్డ చోట ఆపేసి "మిగతాది రేపు చెప్తాలేరా, పడుకో" అనేది. అట్ట మీద బొమ్మ నేనే వేశాను, నీలం స్కెచ్ పెన్నుతో, గుర్రం వేద్దామని మొదలుపెడితే కుక్క లాంటిది వచ్చింది, అక్క దాన్ని తీసేయలేదు, కథలోకే ఒక కుక్కని తెచ్చింది. ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చారు. ఆ నోట్‌బుక్కు ఎవరి చేతికో దొరికింది, ఒక ప్రేమ సీను పైకి చదివారు, గొంతు మార్చి. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అందరితో పాటు నేను కూడా నవ్వాను, అది నాకు బాగా గుర్తు. అక్క వంటింటి గుమ్మం దగ్గర గ్లాసులు పెట్టిన ట్రే పట్టుకుని నిలబడింది. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి తలుపు దగ్గర నిలబడ్డవాడు ఎవరో నాకు తెలీలేదు.

అందుకే టీనా నాటకం రిహార్సల్ చూస్తుంటే కూర్చోలేకపోయాను. ఆ ఎపిసోడ్ చివర ఏమవుతుందో చెప్పను, చూడండి. లూయీస్‌ది పైకి కనిపించినంత రాతి గుండె ఏమీ కాదని మాత్రం చెబుతాను. అది పెద్ద పెద్ద డైలాగులతో చెప్పించలేదు కాబట్టే నమ్మాను. ఈ సిరీస్‌లో పిల్లలు క్షమాపణలు పొడుగ్గా చెప్పుకోరు. ఏదో ఒక పని చేస్తారు, ఎదుటివాళ్లకి అర్థమవుతుంది, అంతే. మన ఇళ్లలో కూడా అంతే కదా, "సారీ అక్కా" అని ఎవరంటారు? ఫోన్ చేసి "తిన్నావా" అంటాం.

నోట్‌బుక్కు భయం మీదే రెండో సీజన్‌లో ఇంకో ఎపిసోడ్ ఉంది, బ్యాడ్ టీనా. టామీ అనే అమ్మాయి టీనా కథల పుస్తకం సంగతి తెలుసుకుని, అందరి ముందూ బయటపెడతానని బెదిరిస్తుంది. రాసే అలవాటున్న ప్రతి ఆడపిల్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఉండే భయం ఇదే. టీనా రాసే కథలు గొప్పవని సిరీస్ ఎక్కడా అనదు. నిజానికి అవి అంత గొప్పగా ఉండవు కూడా. కానీ రాసుకునే హక్కు ఆ పిల్లకి ఉందని మాత్రం ఎప్పుడూ వదిలిపెట్టదు. ఆ తేడా నాకు చాలా నచ్చింది. ప్రతిభ ఉన్నవాళ్లకే ప్రోత్సాహం అని చాలామంది అనుకుంటారు. పదమూడేళ్ల పిల్లకి ప్రతిభ ఉందో లేదో తేల్చడానికి మనం ఎవరం?

పెద్దవాళ్లలో కూడా ఇదే కథ నడుస్తుంది, అది రెండోసారి చూస్తున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. లిండాకి ఒక చెల్లెలుంది, పైన చెప్పిన గేల్ పిన్నే. బొమ్మలు వేస్తుంది, పాటలు రాస్తుంది, ఏదీ ఎవరికీ నచ్చదు. మొదటి సీజన్‌లోనే ఆర్ట్ క్రాల్ అనే ఎపిసోడ్‌లో ఆవిడ బొమ్మలన్నీ తెచ్చి హోటల్ గోడలకి తగిలిస్తారు. అవన్నీ జంతువుల వెనక భాగాల బొమ్మలు, మరీ దగ్గర్నుంచి వేసినవి. తినడానికొచ్చినవాళ్ల ముఖాలు చూడాలి. బాబ్‌కి అసహ్యం, లిండా మాత్రం ఒక్క మాట పడనివ్వదు, చెల్లెలికి చిన్నప్పటి నుంచీ అబద్ధాలు చెబుతూ కాపాడుకొస్తోంది. బొమ్మల సామాను అమ్మే ముసలావిడ వచ్చి అవి తీసేయమని గొడవ చేసేసరికి బాబ్‌కి పౌరుషం వస్తుంది. అంతవరకూ తనకే నచ్చని బొమ్మల కోసం వీధి మొత్తంతో తగువు పెట్టుకుంటాడు. ఇక్కడ నాకు లిండా పద్ధతి మీద కాస్త అభ్యంతరం ఉంది. అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పి కాపాడటం వల్ల గేల్ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. లిండా పిల్లలు అలా కాదు, బాగోలేకపోతే ముఖం మీదే అంటారు, అనేసి పక్కనే నిలబడతారు. తల్లి కంటే పిల్లలే నయం అనిపించింది.

జీన్ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్ వాడిదే, 2014 అక్టోబర్‌లో వచ్చింది. డై హార్డ్ అనే యాక్షన్ సినిమాని మ్యూజికల్‌గా చేసి బళ్లో వేద్దామని వాడి కల. బడివాళ్లు ఇంకో అమ్మాయి కోర్ట్నీ తెచ్చిన నాటకాన్ని ఎంచుకుంటారు, ఆ అమ్మాయి నాన్నకి సంగీతం పని తెలుసు కాబట్టి అటు మొగ్గు. జీన్ సరేనని సర్దుకుపోబోతాడు. లూయీస్ సర్దుకోనివ్వదు. పై అంతస్తులో వాళ్లది జరుగుతుంటే అదే రోజు కింద బాయిలర్ గదిలో నీది వేద్దాం అంటుంది. ఇందులో లూయీస్‌కి గొడవ పెట్టే సరదా ఎంత ఉందో, అన్న మీద నమ్మకం కూడా అంతే ఉంది, రెండిటినీ విడదీసి చూపించలేరు. ప్రేమ అచ్చంగా ప్రేమలా కాకుండా ఇలా అల్లరిలో కలిసిపోయి వస్తుంది, నిజమైన తోబుట్టువుల దగ్గర వచ్చినట్టే. రెండు నాటకాలూ ఎక్కడ కలుస్తాయో చూడటం ఒక సరదా, ఆ కలిసిన పాట ఇంకో సరదా.

సంగీతం గురించి రెండు మాటలు. ఎపిసోడ్ చివర పేర్లు పడుతున్నప్పుడు రిమోట్ నొక్కేయకండి. చాలాసార్లు అక్కడో పాట ఉంటుంది, అప్పటిదాకా జరిగిన చిన్న విషయాన్ని పట్టుకుని అల్లిన పాట. ఈ పాటల్లో చాలావాటిని కలిపి 2017లో సబ్ పాప్ అనే మ్యూజిక్ కంపెనీ ఆల్బమ్ వేసింది, వందకు పైగా ట్రాకులు. కొన్ని అరనిమిషం కూడా ఉండవు. పిల్లలు పాడుకునే పాట ఎలా ఉంటుందో అలాగే ఉంటాయి, మధ్యలో మాట మర్చిపోయినట్టు, శ్రుతి కాస్త అటూ ఇటూ. ఎవరో పెద్ద గాయకుడు పాడి పిల్లాడి నోట్లో పెట్టినట్టు ఉండవు.

దీన్ని తయారుచేసిన లారెన్ బూషార్డ్ గురించి కొంచెం చదివాను. అంతకుముందు ఆయన చేసిన ఒక కార్టూన్ సిరీస్ కూడా ఇంట్లో కెమెరా పట్టుకుని సినిమాలు తీసే ఎనిమిదేళ్ల పిల్లాడి గురించేనట. అంటే పిల్లల కళాపిచ్చి ఆయనకి కొత్త విషయం కాదు. ఇంకో సంగతి, మొదట ఆయన అనుకున్నది మనుషుల్ని తినే కుటుంబం నడిపే హోటల్ కథ. ఛానల్‌వాళ్లు ఆ నరమాంసం గొడవ వద్దన్నాక మామూలు కుటుంబం అయింది. మొదటి ఎపిసోడ్‌లో మాత్రం ఆ వాసన మిగిలిపోయింది, బర్గర్లలో మనిషి మాంసం కలుపుతున్నారని లూయీస్ బళ్లో పుకారు పుట్టిస్తుంది. ముందు తయారుచేసిన శాంపిల్ ఎపిసోడ్‌లో టీనా లేదు కూడా, ఆ స్థానంలో డేనియల్ అనే పెద్ద కొడుకు ఉన్నాడు. తర్వాత ఆ అబ్బాయిని తీసేసి ఆడపిల్లని చేశారు, గొంతు మాత్రం అదే మనిషిది ఉంచారు, డాన్ మింట్జ్. అందుకే టీనా గొంతు మగగొంతులా, ఎత్తూ పల్లమూ లేకుండా ఒకే తీరులో ఉంటుంది. మొదట నాకు చిరాకేసింది. ఇప్పుడు ఆ గొంతు కాక ఇంకో గొంతులో టీనాని ఊహించుకోలేను. ఆ సాఫీ గొంతుతో ఆ పిల్ల తన గుండెలో ఉన్నదంతా చెప్పేస్తుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

బాబ్‌కి హెచ్. జాన్ బెంజమిన్, లిండాకి జాన్ రాబర్ట్స్, జీన్‌కి యూజీన్ మిర్మన్, లూయీస్‌కి క్రిస్టెన్ షాల్ గొంతు ఇచ్చారు. కార్టూన్లకి మామూలుగా ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రికార్డు చేస్తుంటారు, వీళ్లు వీలైనంతవరకూ అందరూ కలిసి కూర్చుని చేస్తారు, అప్పటికప్పుడు మాటలు కలుపుకుంటూ పోతారు. అది వింటుంటేనే తెలుస్తుంది. ఒకరి మాట మీద ఇంకొకరు పడతారు, వాక్యం సగంలో వదిలేస్తారు, జీన్ ఏదో అంటే లూయీస్ నవ్వు ఆపుకుంటున్నట్టు వినిపిస్తుంది. భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నప్పటి గోల అది. 2014లోనూ 2017లోనూ ఉత్తమ యానిమేషన్ కార్యక్రమంగా ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది, 2022లో సినిమా కూడా తీశారు. సినిమాలో జీన్‌కి తన బ్యాండు స్టేజీ ఎక్కాలన్న ఆరాటం, టీనాకి ఈ వేసవిలోనైనా ప్రేమ కుదరాలన్న ఆశ, లూయీస్‌కి తనని చిన్నపిల్ల అన్నారన్న కోపం. కుటుంబమంతా గండంలో పడి కొట్టుకుంటుంటే కూడా ముగ్గురూ ఎవరి ఆరాటం వాళ్లు వదలరు. సినిమా బాగానే ఉంది, కానీ సిరీస్ చూడకుండా సినిమాతో మొదలుపెట్టొద్దు.

పదమూడో సీజన్‌లో క్రిస్మస్ ఎపిసోడ్ ఒకటి ఉంది, ద ప్లైట్ బిఫోర్ క్రిస్మస్, 2022 డిసెంబర్‌ది. దీని గురించి రాయాలంటే కాస్త జాగ్రత్తగా రాయాలి. ఒకే రోజు మూడు ప్రోగ్రాములు పడతాయి. జీన్‌కి జైలోఫోన్ కచేరీ, టీనాకి తను ఉన్న తండర్‌గర్ల్స్ అనే గర్ల్ గైడ్స్ లాంటి దళంవాళ్ల నాటకం, లూయీస్‌కి లైబ్రరీలో కవిత చదవడం. అమ్మానాన్నలు ఇద్దరే. అమ్మ ఒకచోటికి, నాన్న ఒకచోటికి. మూడోది? లూయీస్ ఏమీ పట్టనట్టు "నాది పెద్ద విషయం కాదు, ఎవరూ రానక్కర్లేదు" అన్న తీరులో ఉంటుంది. ఎప్పుడూ ప్లాన్లు వేసే పిల్ల, మాటకి మాట అప్పజెప్పే పిల్ల, తనకి నిజంగా కావలసింది మాత్రం నోరు తెరిచి అడగదు. అలాంటి పిల్లలు మన ఇళ్లలో లేరా? అన్నీ సర్దుకుపోయే పిల్లకి ఏమీ అక్కర్లేదని ఎంత సులువుగా అనేసుకుంటామో! తర్వాత బాబ్‌కి ఆ సంగతి తట్టడం, కూర్చున్న చోటి నుంచి లేచి పరుగెత్తడం, ఆ పరుగంతా జీన్ జైలోఫోన్ మీద మోగే సంగీతం మీద నడవడం... నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ కళ్లు తుడుచుకున్నాను. ముగ్గురూ మూడు చోట్ల ఉన్నారు, అన్న వాయిస్తున్నది మాత్రం చెల్లెలి దగ్గరికి వెళ్లే నాన్న వెనకాల వినిపిస్తోంది. కార్టూన్‌లో ఇంత పనితనం నేను ఊహించలేదు.

ఇంక నచ్చనివి. మొదటి సీజన్ బొమ్మలు మొరటుగా ఉంటాయి, కదలికలు కూడా అంతే, జోకులు కూడా కొన్ని అనవసరంగా మోటుగా ఉంటాయి. అపానవాయువు, బాత్రూము జోకులు జీన్ నోటి వెంట ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, నాకు అవి కొన్నిసార్లు మరీ ఎక్కువనిపించాయి. కార్టూన్ కదా అని చిన్నపిల్లల్ని ఒంటరిగా కూర్చోబెట్టేయొద్దు. టీనా కథల్లో ఉండేది ఆ వయసు ఊహలే, పెద్దగా ఏమీ చూపించరు, కానీ పన్నెండు పదమూడేళ్లు దాటితే మంచిది, మొదటిసారి పక్కన మీరు కూర్చుంటే ఇంకా మంచిది. ఇంకో ఇబ్బంది మాటలతో ఆడుకునే జోకులు. హోటల్లో పలక మీద రోజుకో బర్గర్ పేరు రాస్తారు, పక్క కొట్టుకి ప్రతి ఎపిసోడ్‌లోనూ కొత్త పేరు, పురుగుల మందు వ్యాన్‌కి కొత్త పేరు, అన్నీ ఇంగ్లీషు మాటల విరుపులే. సబ్‌టైటిల్స్ పెట్టుకున్నా కొన్ని అందవు, ఆపి చదువుకోవాలి. ఇన్ని సీజన్లు నడిచాక కొన్ని కథలు మళ్లీ మళ్లీ వచ్చినట్టూ ఉంటుంది, ముఖ్యంగా టెడ్డీ అనే రోజువారీ కస్టమర్ చుట్టూ అల్లినవి. వాటిని నేను పని చేసుకుంటూ వింటాను.

అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు మొదటి సీజన్ మొరటుతనానికి పోయింది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుండి, ఒకడు బొమ్మలు వేస్తానంటే ఇంకొకడు వెక్కిరిస్తున్న ఇల్లయితే తప్పకుండా చూడండి, కలిసి చూడండి. పెద్దయిపోయి వేర్వేరు ఊళ్లలో ఉన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లయితే ఒకే రోజు ఒకే ఎపిసోడ్ చూసి రాత్రికి ఫోన్ చేసుకోండి. మేమిద్దరం అదే చేస్తున్నాం.

క్వర్క్‌డ్యూసర్స్ చూసిన రాత్రి నేనే ఫోన్ చేశాను. నోట్‌బుక్కు సంగతి ఎత్తాను. అక్క కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నీకు గుర్తుందా అది" అంది. గుర్తుందన్నాను. తలుపు దగ్గర నిలబడ్డది ఎవరని అడిగాను. అంత పాత కథ తనకే గుర్తులేదంది, మళ్లీ వెంటనే "కుక్కే అయ్యుంటుందిరా, నువ్వే కదా వేశావు" అంది.

ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. నేనైతే మొదటి సీజన్ నుంచి వరసగా, మొరటుగా ఉన్నా ఓపిక పట్టి చూడమంటాను, మనుషులు పరిచయమవ్వాలి కదా. అక్కేమో అంత ఓపిక ఎవరికుంటుంది, ముందు టాప్సీ ఒక్కటి చూపించు, నచ్చితే వాళ్లే వెనక్కెళ్తారు అంటుంది. తనకి జీన్ అంటే ఇష్టం, నాకు లూయీస్. టీనా మీద మాత్రం మా ఇద్దరికీ గొడవ లేదు.